ఎంఎస్ ఉన్నవాళ్ళు డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎప్పుడు ఆగొచ్చు?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మీది ఒంగోలు, మీ ఆవిడకి 28 ఏళ్ళు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) అని తేలి ఎనిమిది నెలలైంది, దాని ఎటాక్‌లు తగ్గించే డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్స్ రెండు పూటలా వేసుకుంటున్నారు. పోయిన నెల ఎండలో మార్కెట్‌కి వెళ్ళొచ్చాక రెండు పాదాలూ తిమ్మిరెక్కితే భయపడి రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని విజయవాడ పరిగెత్తారు. అక్కడికి చేరేసరికే తిమ్మిరి పోయింది, డ్యూటీ డాక్టర్ "ఎండకి వచ్చింది, ఏం లేదు" అని పంపించేశారు. ఇప్పుడు రెండు రోజుల నుంచి కుడి అరచెయ్యి గ్లవుజు తొడుక్కున్నట్టు మొద్దుగా ఉందట, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి వేళ్ళు తడబడుతున్నాయట, జ్వరం లేదు. ఆవిడేమో "మళ్ళీ వెళితే నవ్వుతారు, ఊరుకోండి" అంటున్నారు. ఫోన్ చేస్తే డాక్టర్ విసుక్కుంటారేమో అని మీ భయం. ఫోన్ చేయాలా, ఆగాలా?

ఇవాళే ఫోన్ చేయండి. అంబులెన్స్ అక్కర్లేదు, రాత్రికి రాత్రి కారూ అక్కర్లేదు, కానీ రేపటికి వాయిదా వేయకండి. మీరు పోయినసారి పరిగెత్తిన దానికి ఆగొచ్చు, ఈసారి ఆగుతున్నారే, దానికి ఆగకూడదు. సరిగ్గా తిరగేసి చేశారు. తప్పేం లేదు, మొదటి ఏడాది అందరం ఇలాగే చేశాం.

నేను డాక్టర్‌ని కాను. గుంటూరులో బ్యాంకు ఉద్యోగిని. 2009లో, నాకు 31 ఏళ్ళప్పుడు ఈ జబ్బు బయటపడింది. ఎటాక్‌లు తగ్గడానికి మొదటి తొమ్మిదేళ్ళు వారానికో ఇంటర్‌ఫెరాన్ సూది పొడుచుకున్నాను, 2018 నుంచి ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ ఎక్కించుకుంటున్నాను. ఇప్పటికి ఏడు ఎటాక్‌లు చూశాను, ఎటాక్ అనుకుని కానివి ఎన్నో లెక్కే లేదు. కింద రాసేదంతా ఆ పదహారేళ్ళలో మా న్యూరాలజిస్టు దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది. మీ డాక్టర్ దీనికి భిన్నంగా చెబితే ఆయన మాటే వినండి.

ఎంత బాధగా ఉంది అనేదాన్ని బట్టి నిర్ణయించుకోకండి, అక్కడే అందరం బోల్తా పడతాం. విపరీతంగా భయపెట్టి గంటలో మాయమయ్యేవి ఉంటాయి, బొత్తిగా బాధ పెట్టకుండా చల్లగా వచ్చి కూర్చునేవి ఉంటాయి. నేను మూడు చూస్తాను: ఇది కొత్తదా పాతదా, ఎంతసేపటి నుంచి ఉంది, ఒంట్లో జ్వరం గానీ వేడి గానీ ఉందా. డాక్టర్లు రిలాప్స్ అనేదీ, మనం ఎటాక్ అనుకునేదీ ఏమిటంటే: కొత్త లక్షణం రావడమో, పాతది బాగా ముదరడమో జరిగి, అది 24 గంటలు దాటి నిలవాలి, జ్వరమో ఇన్ఫెక్షనో దానికి కారణం అయి ఉండకూడదు. అంతకుముందు ఎటాక్ మొదలై నెల రోజులైనా గడిచి ఉండాలి, ఈలోపు వచ్చినదాన్ని మామూలుగా పాతదాని కొనసాగింపుగానే లెక్కేస్తారు. మీ ఆవిడ చెయ్యి: కొత్తది, రెండు రోజులు, జ్వరం లేదు. మూడుకి మూడూ పడ్డాయి. పోయిన నెల పాదాలు: ఎండలో తిరిగొచ్చాక వచ్చింది, కొన్ని గంటల్లో పోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని లక్షణాలు క్షణాలే ఉంటాయి. మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, మొహం ఒక పక్క కత్తితో పొడిచినట్టు నొప్పి, చెయ్యో కాలో ఉన్నట్టుండి కొంకర్లు పోయి అర నిమిషంలో వదిలేయడం. "క్షణమేగా, 24 గంటలు లేదుగా" అని ఊరుకోవద్దు. ఒక్కసారి వచ్చి పోతే సరే, కొత్తగా మొదలై రోజంతా మళ్ళీ మళ్ళీ వస్తూ రెండో రోజుకి కూడా సాగితే అది ఎటాక్ కిందకే రావచ్చు. చెప్పాలి. వీటికి వేరే మందులున్నాయి, చాలామందిలో బాగా పని చేస్తాయి కూడా.

వేడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒంగోలు ఎండ, మా గుంటూరు ఎండ ఎలాంటివో మనకి తెలుసు. ఈ జబ్బులో నరం ఇన్సులేషన్ ఊడిన తీగలా తయారవుతుందన్న కథ మీకు డాక్టర్ చెప్పే ఉంటారు. అలా దెబ్బతిన్న నరం మామూలప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, ఒంట్లో వేడి ఒక్క అర డిగ్రీ పెరిగినా చాలు, కబురు అందించడం మానేస్తుంది. విల్‌హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1890లోనే దీన్ని రాసిపెట్టాడు, అందుకే దాన్ని ఊథాఫ్ లక్షణం అంటారు. ఎంఆర్‌ఐలు లేని రోజుల్లో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసి ఈ జబ్బుని గుర్తుపట్టేవారట! దీనివల్ల కొత్తగా నరం ఏమీ చెడదు. ఎప్పుడో మానిన పాత గాయమే మళ్ళీ పలుకుతుంది.

నాకు జరిగింది చెబుతాను. 2011 మే నెల, ఆవకాయ పెట్టే రోజు. మా అత్తగారు కాయలు తుడుస్తుంటే నేను వంటింట్లో కారం, ఆవపిండి కలుపుతూ కూర్చున్నాను, ఫ్యాన్ వేస్తే పిండి ఎగురుతుందని ఆపేశారు. గంట గడిచాక లేవబోతే రెండు కాళ్ళూ నావి కావన్నట్టు ఉండిపోయాయి. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. మా ఆయన ఆసుపత్రికి ఫోన్ చేయబోతుంటే మా అమ్మ తడి తువ్వాలు తెచ్చి మెడ మీదా తల మీదా వేసి కూలర్ ముందు కూర్చోబెట్టింది, గ్లాసుడు చల్లటి మజ్జిగ ఇచ్చింది. గంటన్నరకి లేచి నడిచాను. అప్పటి నుంచీ మా ఇంట్లో నియమం ఒకటే: పాత లక్షణం, ఎండకో వేడినీళ్ళ స్నానానికో జ్వరానికో నిద్రలేమికో తిరగబెడితే, ముందు చల్లబడాలి, నీళ్ళు తాగాలి, పడుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే చూద్దాం. మర్నాడు పొద్దున చల్లపూట లేచాక కూడా అలాగే ఉంటే ఇక దాన్ని ఎండ మీదకి తోయకండి.

అయితే జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే "ఇది ఎటాక్ కాదు" అనేదాని అర్థం "డాక్టర్‌కి చెప్పక్కర్లేదు" అని కాదండీ. ఇన్ఫెక్షన్‌కి మందు కావాలి కదా. ముఖ్యంగా మూత్రంలో ఇన్ఫెక్షన్. ఎంఎస్ ఉన్నవాళ్ళలో మూత్రాశయం నరాలు కూడా దెబ్బతిని ఉంటే మంట, నొప్పి ఏమీ తెలియకపోవచ్చు. 2015లో నాకు మూడు రోజుల్లో కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి, నడుస్తుంటే గచ్చు మీద మడమ ఈడ్చుకుపోయేది. మేం వెళ్ళిన ఒక ఆసుపత్రిలో చూడగానే ఎటాక్ అన్నారు, స్టెరాయిడ్ మొదలుపెడతామన్నారు, మంచం కూడా ఇచ్చేశారు. అప్పటికే మా డాక్టర్ పదిసార్లు చెప్పి ఉన్నారు కాబట్టి మా ఆయన పట్టుబట్టి యూరిన్ టెస్టు చేయించారు, నిండా చీముకణాలు. కల్చర్ వచ్చాక దానికి తగ్గ యాంటీబయాటిక్ వాడితే వారంలో కాళ్ళు పాత స్థితికి వచ్చాయి. ఇన్ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ఎక్కిస్తే అది ఇంకా విజృంభించేది. అందుకే స్టెరాయిడ్ మాట ఎవరెత్తినా "ముందు యూరిన్ చూశారా?" అని అడగండి. మొహమాటపడకండి.

స్టెరాయిడ్ అవసరం లేనప్పుడు కూడా ఫోన్ ఎందుకు చేయాలో ఇప్పుడు చెబుతాను, మీ ఆవిడకి ఇది వినిపించండి. ఎటాక్ వస్తే మామూలుగా ఇచ్చేది మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకో గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో, కొందరికి పెద్ద మోతాదు బిళ్ళలు. ఇది కోలుకోవడాన్ని తొందర చేస్తుంది, అంతే. ఆఖరికి ఎంత కోలుకుంటామన్నది దీనివల్ల పెద్దగా మారదు. కాబట్టి చెయ్యి కాస్త మొద్దుగా ఉన్నంత మాత్రాన, రోజువారీ పనికి పెద్ద అడ్డు లేకపోతే, మీ డాక్టర్ "చూద్దాం" అని ఊరుకోవచ్చు, అది నిర్లక్ష్యం కాదు. ఇవ్వాలనుకుంటే మాత్రం తొందరగా ఇవ్వడం మేలు, మొదటి రెండు వారాల లోపల. కానీ అసలు విషయం వేరు. మీ ఆవిడ ఎనిమిది నెలలుగా ఒక మందు వాడుతున్నారు. ఆ మందు పని చేస్తోందా లేదా అన్నది డాక్టర్ దేన్ని బట్టి తేల్చుకుంటారు? ఎటాక్‌ల లెక్క, ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు, పరీక్ష చేసినప్పుడు కనిపించే తేడా. మీరు చెప్పకుండా ఇంట్లో మింగేసిన ఎటాక్ ఆయన లెక్కలోకి రాదు. ఆరు నెలల తర్వాత "అప్పుడెప్పుడో చెయ్యి మొద్దుబారింది సార్, తగ్గిపోయింది" అంటే ఆయన పరీక్షించడానికి ఏమీ మిగలదు. మందు మార్చాల్సిన టైముకి మారదు. నేను బ్యాంకులో చెప్పే మాటే చెబుతాను, ఎంట్రీ పడని లావాదేవీ జరగనట్టే లెక్క.

నేను ఒకసారి ఇలాగే మింగేశాను. 2013 మార్చి, బ్యాంకులో ఏడాది ఆఖరు లెక్కలు. కుడి చేతి మూడు వేళ్ళు మొద్దుబారాయి, నోట్లు లెక్కపెడుతుంటే ఒకటి రెండై పోతోంది. మార్చి 31 దాటనీ అనుకున్నాను, ఆ తర్వాత ఉగాది దాటనీ అనుకున్నాను, పంతొమ్మిది రోజులకి వెళ్ళాను. చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా నాది కాదు. ముందే వెళ్ళి ఉంటే అది మిగిలేదా అంటే ఎవరూ చెప్పలేరు, బహుశా మిగిలేది కాదేమో. కానీ ఆ ఎటాక్ లెక్కలోకి ఆలస్యంగా వచ్చింది, కొత్త ఎంఆర్‌ఐ ఆలస్యమైంది. ఆ నెలలన్నీ ఎవరి ఖాతాలో రాసుకోను?

ఇక కన్ను. ఒక కన్ను మసకేసి, గుడ్డు పక్కకి తిప్పితే లోపల లాగినట్టు నొప్పి ఉంటే 24 గంటలు కూడా ఆగొద్దు, ఆ రోజే చెప్పండి. నా జబ్బు బయటపడిందే దీంతో. ఎడమ కన్ను మసకగా ఉందని కళ్ళజోడు షాపుకి వెళ్ళి అద్దం మార్పించుకున్నాను, పన్నెండొందలు దండగ. నాలుగో రోజు వంటింట్లో గోడ క్యాలెండర్ చూస్తూ ఎందుకో కుడి కన్ను మూశాను. ఆదివారాల ఎర్ర అంకెలు వెలిసిపోయి ఇటుక రంగులో కనిపించాయి. కళ్ళు మార్చి చూస్తే కుడి కంటికి నిఖార్సయిన ఎరుపు. అద్దం తప్పు కాదని అప్పుడు తెలిసింది. కంటి నరం వాచినప్పుడు చూపు కంటే ముందు రంగు, అందులోనూ ఎరుపు పోవడం చాలామందిలో జరిగేదే. ఇప్పటికీ ప్రతి నెలా ఒకటో తారీఖున క్యాలెండర్ కాగితం తిప్పగానే ఒక్కో కన్నూ మూసి ఆదివారాలు చూస్తాను. మీ ఆవిడకీ అలవాటు చేయండి, అర నిమిషం పని.

కన్ను గురించే ఇంకో మాట. మందుల షాపులోనో ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరో మామూలు స్టెరాయిడ్ బిళ్ళలు తెచ్చుకుని వేసుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. పోయినసారి మిగిలిన స్ట్రిప్పు ఇంట్లో ఉంటుంది కూడా. కంటి నరం వాపుకి మామూలు మోతాదు ప్రెడ్నిసోన్ బిళ్ళలు మాత్రమే వాడినవాళ్ళలో అది తిరగబెట్టడం ఎక్కువైందని 1992లో అమెరికాలో పెద్ద ట్రయల్ ఫలితాల్లోనే తేలింది. కాబట్టి సొంత వైద్యం వద్దు.

రెండు కళ్ళూ ఒకేసారి పోయినా, కారణం తెలియకుండా వెక్కిళ్ళో వాంతులో రోజుల తరబడి ఆగకపోయినా, రెండు కాళ్ళూ బాగా పడిపోయినా వెంటనే చెప్పాలి. ఎంఎస్ లాగే కనిపించే ఎన్‌ఎంఓ అనే ఇంకో జబ్బు ఉంది, మన దేశంలో ఎంఎస్ అనుకున్నవాళ్ళలో కొందరికి తర్వాత అదని తేలుతుంటుంది. దానికి వాడే మందులు వేరు, ఎంఎస్ మందుల్లో కొన్ని దాన్ని ముదరబెడతాయి. ఏక్యూపీ-4, మాగ్ అనే యాంటీబాడీ టెస్టులు చేశారో లేదో మీ ఫైల్లో చూడండి, లేకపోతే ఈసారి వెళ్ళినప్పుడు అడగండి. భయపెట్టడానికి కాదు, ఫైల్లో ఉండాల్సిన కాగితం అది.

108 ఎప్పుడు? ఎంఎస్ ఎటాక్ గంటల మీద, రోజుల మీద మెల్లగా ఎక్కుతుంది. క్షణాల్లో, నిమిషాల్లో మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం అనుకునే పరిగెత్తాలి. గడ్డని కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. ఎంఎస్ ఉన్నవాళ్ళకి పక్షవాతం రాదని ఎవరూ రాసివ్వలేదు. అలాగే ఊపిరి అందకపోవడం, మింగుతుంటే పొలమారి ఊపిరాడకపోవడం, మూర్ఛ, మనిషి అయోమయంగా మాట్లాడటం, చలితో వణికించే జ్వరం. పొత్తికడుపు నిండి ఉబ్బిపోయి ఒక్క చుక్క మూత్రం రాకపోవడం కూడా ఆసుపత్రి కేసే, దాన్ని "కాసేపు చూద్దాం" అనుకోకూడదు, ట్యూబు వేసి తీయాలి. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండటం ఎంఎస్‌లో ఉంటుంది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని గుండె అనుకునే ఈసీజీ తీయించండి. తర్వాత తీరిగ్గా ఎంఎస్ అనుకోవచ్చు.

దీనికే ఇంకో ముఖం ఉంది. ఈ జబ్బు పేరు పడ్డాక ప్రతిదీ దీని ఖాతాలోనే జమ చేసేస్తాం. నేను ఏడాది పాటు నీరసం, నీరసం అంటూ తిరిగాను, అందరూ ఎంఎస్ నీరసమే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడుతోంటే మా ఫ్యామిలీ డాక్టర్ రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ఎంఎస్‌కీ దానికీ ఏ సంబంధం లేదు. థైరాయిడ్, బి12, డి విటమిన్, షుగర్ ఇవన్నీ మనకీ వస్తాయి.

మందుల వల్ల చేయాల్సిన ఫోన్లు వేరే ఉంటాయి. మీ ఆవిడ వాడే క్యాప్సూల్ వేసుకున్నాక మొహం, మెడ ఎర్రబడి వేడి ఆవిర్లు రావడం, కడుపులో వికారం మామూలే, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది, మొదటి ఒకటి రెండు నెలల తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. దానికి ఫోన్ అక్కర్లేదు. ఊపిరి ఆడకపోయినా, పెదాలు నాలుక వాచినా మాత్రం అది వేరే. ఈ మందుతో తెల్లకణాల్లో లింఫోసైట్లు తగ్గొచ్చు, అందుకే మూడు నుంచి ఆరు నెలలకోసారి రక్త పరీక్ష రాస్తారు. ఎనిమిది నెలలైంది కదా, చేయించారా? మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు. నాలాగా రిటుక్సిమాబ్ లాంటివి వాడేవాళ్ళైతే 100.4 దాటిన ప్రతి జ్వరానికీ ఆ రోజే ఫోన్ చేయాలి, రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయించుకోవాలి. ఒంటి మీద ఒక పక్కన పట్టీలాగా నీటి పొక్కులు లేస్తే, అదే మనవాళ్ళు అక్కి అంటారు, జాజుతో రాయించుకుని ఊరుకోకండి. మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే మాత్రలు బాగా పని చేస్తాయి. రాయించుకోవాలనుకుంటే అదీ రాయించుకోండి, మాత్ర వేసుకున్నాక.

మానడం కూడా ఫోన్ చేయాల్సిన విషయమే. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ సంక్రాంతికి ఊరెళ్తూ కాళ్ళ బిగుతుకి వాడే బాక్లోఫెన్ మర్చిపోయి వెళ్ళింది. మూడు రోజులే కదా అనుకుంది. కనుమ నాటికి మనుషులు లేనిచోట మనుషులు కనపడుతున్నారని కేకలు. ఆ మాత్ర ఒక్కసారిగా ఆపితే మతిభ్రమ, మూర్ఛ కూడా రావచ్చు. ఫింగోలిమోడ్, నాటలిజుమాబ్ లాంటి ఎంఎస్ మందులు హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపు ఊపుతో తిరగబడే ప్రమాదం ఉంది. డబ్బుల ఇబ్బంది వల్ల ఆపాల్సి వచ్చినా సరే ముందు చెప్పండి, చౌకదారి ఏదైనా ఉంటే వాళ్ళకే తెలుస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికే అడుగుతుంటారు కాబట్టి ఇదీ రాస్తున్నాను: పిల్లల్ని కనాలనుకుంటే నెల తప్పాక కాదు, అనుకున్నప్పుడే డాక్టర్‌కి చెప్పండి. కొన్ని మందులు చాలా ముందే ఆపాలి, టెరిఫ్లూనమైడ్ లాంటిదైతే ఒంట్లోంచి కడిగేయడానికి వేరే మందు వాడాలి. కడుపుతో ఉన్నప్పుడు, అందులోనూ ఆఖరి మూడు నెలల్లో ఎటాక్‌లు తగ్గుతాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరుగుతాయి. బాలింత నీరసమని తోసేసే రోజులు అవే, జాగ్రత్త.

ఇక ఎవరూ చెప్పనివి. మూత్రం ఆపుకోలేకపోవడం, మలబద్ధకం, దాంపత్యంలో ఇబ్బంది, మాట మధ్యలో పదం దొరక్కపోవడం. ఇవి మెల్లగా పెరిగితే ఆ రోజే ఫోన్ అక్కర్లేదు, కానీ వచ్చే ఓపీకి కాగితం మీద రాసుకెళ్ళి ఇవ్వండి. నోటితో చెప్పలేకపోయినా కాగితం ఇవ్వగలం కదా. నడక కూడా మెల్లగా తగ్గుతుంటే మనకే తెలియదు, అందుకే నాకో గుర్తు పెట్టుకున్నాను: మా బ్రాంచి మెట్లు పదకొండు, రెయిలింగ్ ఎన్నో మెట్టు దగ్గర పట్టుకుంటున్నానో చూసుకుంటాను. 2019లో తొమ్మిదో మెట్టు, ఇప్పుడు ఆరో మెట్టు. ఆ సంఖ్య చెబితే మా డాక్టర్‌కి ఐదు నిమిషాల వర్ణన అక్కర్లేకపోయింది.

మనసు సంగతికి మాత్రం ఓపీ దాకా ఆగొద్దు. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకుండా ముడుచుకుపోయి ఉంటే చెప్పండి. డిప్రెషన్ ఈ జబ్బులో మామూలు వాళ్ళకంటే ఎక్కువ, మందుకి లొంగుతుంది కూడా. చచ్చిపోవాలనే మాట నోట్లోంచి వచ్చిందా, మనిషిని ఒంటరిగా వదలకండి, అర్ధరాత్రైనా 14416 టెలి మానస్‌కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే 108.

"విసుక్కుంటారేమో" అన్నారు. నిజం చెప్పాలంటే కొందరు విసుక్కుంటారు. రోజుకి ఎనభై మందిని చూసే మనిషికి రాత్రి పదింటికి "సార్ ఒంట్లో బాలేదు" అని ఫోన్ వస్తే ఎవరైనా విసుక్కుంటారు. నేను ఫోన్ బదులు ముందు మెసేజ్ పెడతాను, అందులో ఆయనకి కావలసినవి వరసగా ఉంటాయి. మీరు పెట్టాల్సింది ఇంచుమించు ఇలా:

"నమస్తే సార్. వయసు 28, ఎంఎస్ 8 నెలలుగా, డైమిథైల్ ఫ్యూమరేట్ 240 రెండు పూటలా, మానలేదు. ఆదివారం ఉదయం నుంచి కుడి అరచెయ్యి, వేళ్ళు మొద్దుగా ఉన్నాయి, మధ్యలో తగ్గలేదు. నిన్నటి నుంచి హుక్కులు పెట్టుకోవడం కష్టం. ఈ చేతికి ఇంతకుముందు ఎప్పుడూ లేదు. జ్వరం 98.2. మూత్రంలో మంట లేదు, యూరిన్ టెస్టుకి ఇచ్చాం. చూపు, మాట, నడక మామూలే. ఎప్పుడు రమ్మంటారు?"

పేరు, ఓపీ నంబరు పైన పెట్టండి. ఇలాంటి మెసేజ్‌కి మా డాక్టర్ పది నిమిషాల్లో జవాబిచ్చిన రోజులున్నాయి. మీ డాక్టర్ నంబరు మీ దగ్గర లేకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి న్యూరాలజీ ఓపీలో ఆయన అసిస్టెంట్‌ని అడగండి, "ఎంఎస్ పేషెంటు, కొత్త లక్షణం, రెండు రోజులు" అన్న మూడు ముక్కలు ముందు చెప్పండి. రేపు సాయంత్రం దాకా జవాబు రాకపోతే ఓపీ చీటీ తీసుకుని వెళ్ళిపోవడమే. జ్వరం, యూరిన్ టెస్టు లాంటివి ఒంగోల్లోనే మీకు తెలిసిన ఫిజీషియన్ దగ్గర అయిపోతాయి, ప్రతిదానికీ 150 కిలోమీటర్లు వెళ్ళక్కర్లేదు. ఆయనకి ఒకసారి ఫైలు మొత్తం చూపించి పెట్టుకోండి. ప్రతి ఎటాక్‌కీ ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం దాచండి, 2016 వికలాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది, సర్టిఫికెట్ కావాల్సి వస్తే ఆ కాగితాలే ఆధారం.

మీ ఆవిడతో ఒక్కటి చెప్పండి, పోయినసారి వాళ్ళు పంపించేసింది మిమ్మల్ని చూసి నవ్వుకుని కాదు, పరీక్షించి ఎటాక్ కాదని తేల్చి. ఆ తేల్చే పని వాళ్ళది. మనం మూడు ప్రశ్నలు వేసుకుని ఫోన్ చేసేదాకానే.

ఇంకొకటి, మెసేజ్ పెట్టాక ఇంట్లో చూడాల్సింది. ఆ కుడి చేత్తో వేడి గిన్నెలు దించనివ్వకండి, కత్తిపీట ముందు కూర్చోనివ్వకండి. 2013లో నా వేళ్ళు మొద్దుబారినప్పుడు పెనం అంచుకి ఆనించి అలాగే ఉంచేశాను, కాలిన వాసన వచ్చాక గానీ తెలియలేదు, మచ్చ ఇంకా ఉంది. నీళ్ళ వేడి కూడా ఎడమ చేత్తోనే చూడమనండి. చెయ్యి తిరిగి వచ్చేదాకా వంట మీరు అందుకుంటే ఇంకా మంచిది.